కారవాన్ పార్క్ బుక్ చేసేముందు మ్యాప్ తెరవండి: విక్టోరియా బీచ్ సెలవులపై మా రివ్యూ

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం మాది, మెల్‌బోర్న్ నుంచి కార్లో వెళ్లగలిగే బీచ్ ఊళ్లలో కారవాన్ పార్కుల్లో దిగడం మాకు చాలా ఏళ్లుగా అలవాటు. మొదట్లో టెంట్, తర్వాత అద్దెకి తీసుకున్న క్యాంపర్‌వ్యాన్, ఇప్పుడు అత్తయ్య మామయ్య ఇక్కడికి వచ్చినప్పుడల్లా క్యాబిన్. మెల్‌బోర్న్ శివార్లు టార్నీట్, పాయింట్ కుక్ వైపు మన తెలుగువాళ్ల గ్రూపుల్లో సమ్మర్ (ఇక్కడ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి) దగ్గరపడగానే "బీచ్ దగ్గర మంచి పార్క్ చెప్పండి" అని ఒకళ్లు అడగడం, పదిమంది పది పేర్లు చెప్పడం మామూలే. నేను పార్క్ పేరు చెప్పను, ఆ పార్క్‌లో ఏ సైట్, అంటే మనకిచ్చే జాగా ఏది అని అడుగుతాను, ఎందుకంటే ఒకే పార్క్‌లో ఈ చివర దిగినవాళ్లు స్వర్గం అంటారు, ఆ చివర దిగినవాళ్లు డబ్బులు దండగ అంటారు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కానీ కారవాన్ పార్క్‌లో దిగడానికి అది ఉండాలని లేదు. టెంట్ వేసుకోవచ్చు, కరెంట్ ఉన్న సైట్‌ని పవర్డ్ అంటారు, లేనిదాన్ని అన్‌పవర్డ్ అంటారు, మనకంటూ సొంత బాత్‌రూమ్ గది కట్టి ఉంచిన సైట్‌ని ఎన్‌స్వీట్ సైట్ అంటారు, ఏమీ మోసుకెళ్లే ఓపిక లేకపోతే వంటిల్లు బాత్‌రూమ్ ఉన్న క్యాబిన్. బిగ్ ఫోర్, డిస్కవరీ లాంటి చెయిన్‌లు ఉన్నాయి, ఊరి కౌన్సిల్ (మున్సిపాలిటీ లాంటిది) నడిపేవి ఉన్నాయి, కుటుంబాలు నడిపే చిన్నవీ ఉన్నాయి. చెయిన్‌వి అయితే స్విమ్మింగ్ పూల్, గాలి నింపిన పెద్ద జంపింగ్ పిల్లో, పెడల్ కార్లు ఉంటాయి, పిల్లలు వాటిని చూసి ఇక బీచ్‌కి రామంటారు, అంత దూరం సముద్రం కోసం వెళ్లి పూల్ పక్కన కూర్చోవడం నాకైతే మింగుడుపడదు గానీ గాలి ఎక్కువున్న రోజు ఆ పిల్లోనే మనల్ని కాపాడుతుంది, అదీ ఒప్పుకోవాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు చూడాలి. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు గ్రేట్ ఓషన్ రోడ్ వైపు వెళ్లే ఆలోచనే పెట్టుకోలేదు, అటు సముద్రం అంటే సర్ఫ్, అలలు పెద్దవాళ్లనే పడేస్తాయి. మార్నింగ్టన్ పెనిన్సులాలో రోజ్‌బడ్, రై, సొరెంటో ఊళ్లలో బే (అఖాతం) ఒడ్డునే కౌన్సిల్ వాళ్ల ఫోర్‌షోర్ క్యాంపింగ్ ఉంటుంది, వేసవి చుట్టూ ఉన్న నెలల్లోనే తెరుస్తారు, నీళ్లు చాలా దూరం వరకు మోకాలి లోతే, చెరువులా ఉంటుంది. హంగులేమీ ఉండవు. చెట్ల మధ్య ఇసుకలో టెంట్, అటు రోడ్డు, ఇటు నీళ్లు, అంతే. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం పూల్ ఉన్న ఏ పెద్ద పార్క్ కంటే నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఫిలిప్ ఐలాండ్‌లో కూడా కౌస్ ఊరు ఉత్తరం వైపు చూస్తుంది కాబట్టి అక్కడ నీళ్లు నిదానంగా ఉంటాయి, అదే దీవికి దక్షిణం పక్క వూలమై, స్మిత్స్ బీచ్ అంటే పూర్తిగా వేరే సముద్రం. 2024 జనవరిలో అదే దక్షిణం పక్కన ఫారెస్ట్ కేవ్స్ దగ్గర నలుగురు మునిగిపోయారు, అందరూ మన భారతీయులే, అప్పుడు లైఫ్‌సేవర్ల కాపలా లేని బీచ్ అది. అందుకని పార్క్ ఎంచుకునేటప్పుడు "నడిచి వెళ్లేంత దూరంలో లైఫ్‌సేవర్లు ఎరుపు పసుపు జెండాలు పాతే బీచ్ ఉందా, మేం వచ్చే తేదీల్లో పాతుతారా" అని కచ్చితంగా అడుగుతాను. జెండాల మధ్యే దిగాలి, రిప్, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం, లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఇవి పిల్లలకి కారెక్కకముందే చెప్పేస్తాం.

నీళ్ల ఉష్ణోగ్రత గురించి ఎవరూ చెప్పరు. నడివేసవిలో కూడా ఇక్కడి సముద్రం చల్లగానే ఉంటుంది, ఎండ 38 ఉన్నా కాలు పెట్టగానే జివ్వుమంటుంది. మా అత్తయ్యది బాపట్ల, సూర్యలంక నీళ్లలో పెరిగిన మనిషి, ఇక్కడ చీలమండల దాకా దిగి "ఏంటమ్మాయ్, ఐసు కలిపారా ఇందులో" అని వెనక్కి వచ్చేసింది. పిల్లలకి వెట్‌సూట్ (చలి ఆపే ఈత దుస్తులు) కొనండి, కేమార్ట్‌లో తక్కువలోనే దొరుకుతాయి, లేకపోతే పావుగంటకే పెదాలు నీలంగా చేసుకుని వచ్చేస్తారు.

ఇక మ్యాప్ సంగతి. ప్రతి పార్క్‌కీ సైట్ మ్యాప్ ఉంటుంది, చాలావాటిలో బుకింగ్ పేజీలోనే సైట్ నంబర్ ఎంచుకోవచ్చు, లేకపోతే ఫోన్ చేసి అడిగితే ఇస్తారు. అందులో నేను మొదట వెతికేది అమెనిటీస్ బ్లాక్, అంటే అందరికీ కలిపి ఉన్న బాత్‌రూములు. మరీ పక్కనే వద్దు, రాత్రంతా తలుపు ధడేల్ ధడేల్‌మంటుంది, లైటు టెంట్ లోపలికి కొడుతుంది. మరీ దూరమూ వద్దు, అర్ధరాత్రి చంటిదాన్ని ఎత్తుకుని టార్చ్ వేసుకుని నడిచేటప్పుడు తెలుస్తుంది ఆ దూరం. రెండు మూడు సైట్ల అవతల, మధ్యలో చెట్టో పొదో ఉంటే సరిగ్గా సరిపోతుంది. క్యాంప్ కిచెన్, అంటే అందరికీ కలిపి ఉన్న వంటిల్లు, దాని పక్కన కూడా రాత్రి పది దాకా కబుర్లు ఆగవు. గేటు దగ్గర సైట్ అయితే ప్రతి కారూ మన తల పక్కనుంచే వెళ్తుంది. డంప్ పాయింట్ ఎక్కడుందో కూడా చూడండి, కారవాన్ల టాయిలెట్ క్యాసెట్లు ఖాళీ చేసే చోటు అది, దాని ఎదురుగా కూర్చుని ఇడ్లీ ఎవరు తింటారు.

తర్వాత ఉపగ్రహం ఫోటోలో అదే పార్క్‌ని తెరిచి చూడాలి. ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దులెండి, "బీచ్‌ఫ్రంట్" అని బుక్ చేసుకున్నాం, వెళ్లి చూస్తే బీచ్ ఉన్న మాట నిజమే, మధ్యలో 80 స్పీడ్‌లో లారీలు తిరిగే హైవే ఉంది, క్రాసింగ్ చాలా దూరంలో ఉంది, పిల్లల్ని ఒక్కళ్లని పంపే మాటే లేదు. ఆఫీసులో అడిగితే మధ్యలో ఇంకో కట్టడం లేదు కాబట్టి బీచ్‌ఫ్రంటే అన్నారు. అప్పటినుంచి బీచ్‌ఫ్రంట్ అనే మాటని నేను నమ్మడం మానేశా, ఫోటోలో రోడ్డు ఉందా, ఇసుకలోకి దారి ఎక్కడ మొదలవుతుంది, దారిలో మెట్లున్నాయా, ప్రామ్ (చంటిపిల్లల తోపుడు బండి) వెళ్తుందా, ఇవే చూస్తాను. ఆ ఫోటోలోనే చెట్ల నీడ కూడా తెలుస్తుంది. నీడ లేని సైట్‌లో ఉదయం ఏడింటికే టెంట్ ఉడికిపోతుంది. కానీ పెద్ద యూకలిప్టస్ కొమ్మ సరిగ్గా కింద కూడా వేయకండి, గాలి లేకపోయినా కొమ్మలు విరిగిపడే చెట్లవి.

గాలి సంగతి చెప్పాలి కదా. మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లకి కూల్ చేంజ్ కొత్త కాదు, మధ్యాహ్నం దాకా ఉత్తరపు వేడిగాలి, ఉన్నట్టుండి నైరుతి నుంచి చల్లగాలి కొట్టి గంటలో 15 డిగ్రీలు పడిపోతుంది. ఇంట్లో ఉంటే హాయి, టెంట్‌లో ఉంటే సర్కస్. సముద్రానికి ఎదురుగా ముందు వరసలో ఉండే సైట్‌కి ఎక్కువ డబ్బులు తీసుకుంటారు, ఆ గాలి మొత్తం తినేది కూడా ఆ వరసే. మేం క్యాంపర్‌వ్యాన్‌లో ఉన్నప్పుడు ముందు వరస, టెంట్ అయితే వెనక రెండో మూడో వరస అడిగేవాళ్లం, పొదలు అడ్డం ఉండాలి. ఇసుక నేలైతే పొడుగు ఇసుక మేకులు తీసుకెళ్లండి, టెంట్‌తో వచ్చే సన్న మేకులు ఆ గాలికి పళ్లు కుట్టుకునే పుల్లల్లా ఊడొస్తాయి.

మన వంటకి కరెంట్ లెక్క తెలియాలి. పవర్డ్ సైట్‌లో ప్లగ్ మామూలుగా 15 యాంప్స్, అంటే దాదాపు 3450 వాట్లు. ఇండక్షన్ స్టవ్ 2000, ఎలక్ట్రిక్ కెటిల్ 2200, రెండూ ఒకేసారి పెడితే టక్‌మని ట్రిప్ అవుతుంది. ఒకసారి పప్పు ఉడుకుతుంటే మా ఆయన టీకి నీళ్లు పెట్టాడు, చీకటి, స్తంభం దగ్గరికి వెళ్లి బ్రేకర్ లేపి వచ్చాడు, కాసేపయ్యాక మళ్లీ కెటిల్ నొక్కాడు, మళ్లీ చీకటి. రైస్ కుక్కర్, ఇండక్షన్ కలిస్తే పర్వాలేదు, హీటర్ వేస్తే మాత్రం వంట ఆపాలి. టెంట్‌కి పవర్డ్ సైట్ తీసుకుంటే ఇంట్లో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ పనికిరాదు, 15 యాంప్స్ లావు కేబుల్ కావాలి, కొన్ని పార్కుల్లో రిసెప్షన్‌లో అద్దెకిస్తారు కానీ సెలవుల్లో అవి అయిపోతాయి.

క్యాబిన్‌లో వంట చేస్తే ఎండుమిర్చి పోపు పెట్టకండి, స్మోక్ అలారమ్ మోగి పక్క క్యాబిన్లవాళ్లు కూడా బయటికొస్తారు. పోపు ఇంట్లోనే పెట్టి డబ్బాలో తెచ్చుకోవడం, పులిహోర, చపాతీలు, ఊరగాయ, మొదటిరోజుకి ఇవి చాలు. క్యాంప్ కిచెన్‌లో బార్బెక్యూ ప్లేట్లు ఎలక్ట్రిక్‌వి ఉంటాయి, బటన్ నొక్కితే వేడెక్కుతాయి, దాని మీద అంతకుముందు ఎవరో సాసేజ్‌లు కాల్చి ఉంటారు కాబట్టి శాకాహారులైతే సొంత పెనం ఆ ప్లేట్ మీద పెట్టుకోండి, వేడి నెమ్మదిగా ఎక్కుతుంది కానీ దోసెలు వస్తాయి. మేం దోసెలు పోస్తుంటే పక్క టేబుల్ వాళ్లు వచ్చి చూసి రుచి అడిగి బదులుగా తెల్లారి పట్టిన చేప ఇచ్చి వెళ్లడం చాలాసార్లు జరిగింది, క్యాబిన్‌లో తలుపేసుకుంటే ఇవేవీ ఉండవు. అక్కడి ఉమ్మడి ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా పేరు, సైట్ నంబర్ రాయండి. రాత్రి తిండి బయట వదిలేస్తే పాసమ్‌లు (రాత్రి తిరిగే చెట్టు జంతువులు) ఖాళీ చేస్తాయి.

సంక్రాంతి సరిగ్గా ఇక్కడి స్కూల్ సెలవుల నడుమన పడుతుంది కాబట్టి మనవాళ్లు చాలామంది ఆ వారమే వెళ్దామనుకుంటారు. మంచిదే, కాకపోతే టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు కట్టెల మంట, బొగ్గుల మంట పూర్తిగా నిషేధం, మిగతా రోజుల్లో కూడా చాలా పార్కుల్లో నేలమీద మంట వేయనివ్వరు, భోగి మంట ఊసే ఎత్తొద్దు. జనవరిలో ఇంకో తలనొప్పి మినిమమ్ స్టే, వారం రోజులు తీసుకుంటేనే ఇస్తామంటారు, రేటు కూడా మే నెలతో పోల్చుకుంటే గుండె గుభేల్‌మంటుంది, పైగా పోయిన ఏడాది వచ్చినవాళ్లకే మొదటి అవకాశం ఇచ్చే పార్కులు చాలా ఉన్నాయి. మెల్‌బోర్న్ కప్ (నవంబర్‌లో గుర్రప్పందెం సెలవు) వీకెండ్, ఈస్టర్ కూడా అంతే. మాకు బాగా కుదిరేది ఫిబ్రవరి వీకెండ్లు, మార్చి మొదట్లో, స్కూళ్లు తెరిచేసరికి పార్కులు ఖాళీ, సముద్రం మాత్రం జనవరి కంటే కొంచెం వెచ్చగానే ఉంటుంది. బుక్ చేసేముందు క్యాన్సిలేషన్ నిబంధన చదవండి, పీక్ సీజన్‌కి వేరే నిబంధన ఉంటుంది, డబ్బు వెనక్కివ్వకుండా క్రెడిట్ ఇస్తామనేవాళ్లే ఎక్కువ.

పెద్దవాళ్లతో వెళ్తే క్యాబిన్ ఫోటోల్లో మంచాలు లెక్కపెట్టండి. "ఆరుగురు పడుకోవచ్చు" అంటే ఒక డబుల్ బెడ్, ఒకదానిమీద ఒకటి ఉండే బంక్ మంచాలు రెండు జతలు అని అర్థం, పై బంక్ ఎక్కేది ఎవరు? తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని పైన పడుకోబెట్టొద్దని ఇక్కడ సలహా, మామయ్యని ఎక్కించలేం. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిపారో లేదో అడగండి. మగ్గు మీరే పట్టుకెళ్లండి, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఊళ్లవారీగా మా అభిప్రాయం కొంచెం చెప్తాను. లేక్స్ ఎంట్రన్స్ మాకు అన్నిటికంటే ఇష్టం, నాలుగు గంటల డ్రైవ్, పిల్లలు అడుగుతూనే ఉంటారు ఇంకెంత దూరం అని. ఊరి ముందు సరస్సు నీళ్లు నిదానంగా, నడిచే వంతెన దాటితే అటు నైంటీ మైల్ బీచ్, అంటే ఒకే చోట రెండు రకాల నీళ్లు, వయసు తేడా ఉన్న పిల్లలున్న ఇంటికి ఇంతకంటే ఏం కావాలి. చేపల బోట్లు వచ్చే ఊరు కాబట్టి రొయ్యలు తాజాగా దొరుకుతాయి. వాన పడితే బుకన్ గుహలు ఉన్నాయి, పేన్స్‌విల్ నుంచి ఫెర్రీలో నడిచి వెళ్లేవాళ్లకి టికెట్ లేకుండానే రేమండ్ ఐలాండ్ దాటి కోలాలు చూడొచ్చు. దోమలు ఉన్నాయి, అదొక్కటే. అపోలో బే అందం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, అక్కడికి వెళ్లే గ్రేట్ ఓషన్ రోడ్ మలుపుల మీద మా రెండోది వాంతి చేసుకోని ప్రయాణం లేదు, ఆట్వేస్ కొండల వాన ఎప్పుడైనా పడుతుంది, పదేళ్లు దాటిన పిల్లలకి అయితే బ్రహ్మాండం. విల్సన్స్ ప్రామ్‌లో టైడల్ రివర్ కారవాన్ పార్క్ లాంటిది కాదు, నేషనల్ పార్క్, కుక్కలకి ప్రవేశం లేదు, నది నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి కానీ పిల్లలకి లోతు తక్కువ, స్క్వీకీ బీచ్‌లో ఇసుక మీద నడిస్తే కీచుమంటుంది, సాయంత్రం వామ్‌బాట్‌లు (బొరియల్లో ఉండే బొద్దు జంతువులు) టెంట్ల మధ్యే మేస్తుంటాయి, లోపల బిస్కెట్లు పెట్టుకుంటే టెంట్ చింపి మరీ వస్తాయి. వేసవి సెలవులకి అక్కడ చోటు కావాలంటే నెలల ముందు లాటరీలో పేరు ఇవ్వాలి.

ఈ మార్చికి మళ్లీ లేక్స్ ఎంట్రన్సే బుక్ చేశాం, మూడో వరస, తూర్పు వైపు చెట్టు ఉండి పొద్దున నీడ పడే సైట్. ఈసారి మా ఆయన కెటిల్ బదులు గ్యాస్ మీద పెట్టే టీ గిన్నె తీసుకొస్తున్నాడు.