స్టాండ్ తీయకపోతే కదలని బండి: బీచ్ పక్కన నా మొదటి 125

ఈ బండిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది సైడ్ స్టాండ్ కటాఫ్. స్టాండ్ కిందికి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, అంతే, అందులో ఇంకేం లేదు. నన్ను బాగా ఏడిపించింది కూడా అదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇప్పుడు వస్తున్న 125 సీసీ ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) గేరు బళ్లలో చాలావాటికి ఇది ఉంటోంది, ఉప్పుగాలికి కంపెనీలతో పని లేదు. పవరెంత, ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుంది లాంటివి షోరూమ్‌లో ఇచ్చే కాగితంలోనే ఉంటాయి, వాటి జోలికి పోను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నేను మెచ్చుకున్నవి మీకు పనికిరాకపోవచ్చు. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంటాం, ఇంటి నుంచి నడిస్తే సముద్రం. ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కాలేజీ రోజుల నుంచి స్కూటీయే నడిపాను, లైసెన్సు కూడా గేరు లేని బళ్లకే ఉండేది, అందుకని దీనికోసం మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. "స్కూటీ బాగానే ఉంది కదమ్మా, ఇప్పుడు ఇదెందుకు" అని నాన్న అన్నారు. పెద్ద చక్రాల బండి నడపాలని నాకు ఎప్పటి నుంచో ఉంది, ఎండాడ దగ్గర గుంతల్లో స్కూటీ చక్రం దిగినప్పుడల్లా ఆ కోరిక ఇంకా పెరిగింది.

గేరు బండి కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి నెలల్లో తల ఎంత నిండిపోయి ఉంటుందో నడిపినవాళ్లకు తెలుసు. క్లచ్ ఎంత వదలాలి, ఇప్పుడు ఏ గేరులో ఉన్నాం, న్యూట్రల్ పడిందా లేదా, ఇండికేటర్ ఆపామా, ఎంవీపీ రైతు బజార్ ముందు సంచీతో అడ్డంగా వచ్చే పెద్దావిడ ఆగుతుందా నడుస్తుందా, ఇన్నిటి మధ్య స్టాండ్ తీశామా లేదా అన్నది గుర్తుండదు. అది చిన్న విషయమూ కాదు. స్టాండ్ ఎడమవైపు ఉంటుంది, ఎడమకు మలుపు తిప్పితే బండి అటే వాలుతుంది, దాని కొన రోడ్డుకు తగిలిందంటే చక్రం పట్టు వదిలేసి మనిషిని విసిరేస్తుంది. మన ఊళ్లో ఎవరో ఒకరు వెనకనుంచి "మేడమ్, స్టాండ్! స్టాండ్!" అని అరుచుకుంటూ వచ్చి కాపాడతారు, స్కూటీ రోజుల్లో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, అరిచిన ఆ ముక్కూమొహం తెలియని మనుషులకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఈ బండి వచ్చాక ఆ అరుపు వినాల్సిన అవసరమే రాలేదు. గేరు వేయగానే ఆగిపోతే, కిందికి చూస్తే, స్టాండ్ దిగి ఉంటుంది. పైకి తన్ని మళ్లీ స్టార్ట్ చేసుకోవడమే. ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు.

ఇంతగా మెచ్చుకుంటున్న దాన్ని, రెండో ఏడాది వానాకాలం చివర్లో హనుమంతవాక జంక్షన్‌లో రోడ్డు మీదే తిట్టుకున్నాను.

వాయుగుండం పట్టిన వారం అది. రోజూ వాన, బీచ్ రోడ్డు మీదకు అలల తుంపర. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి హైవే మీదుగా ఎండాడ దిగి, జూ దాటి వచ్చి సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి నిలబడ్డాను. పచ్చ లైటు పడింది, క్లచ్ పట్టి ఫస్ట్ గేరు వేశాను, ఇంజిన్ ఆగిపోయింది. స్టార్ట్ చేశాను, న్యూట్రల్‌లో చక్కగా ఆడుతోంది. గేరు వేయగానే మళ్లీ ఆగింది. వెనక సిటీ బస్సు హారన్, పక్కన ఆటోలు, పైన వాన, నాకేమో చెయ్యి వణుకు మొదలైంది. ఒక ఆటో అతను దిగివచ్చి బండిని పక్కకు నెట్టించాడు, "బ్యాటరీ అయ్యుంటాది మేడమ్" అన్నాడు. ఇంకొకాయన ప్లగ్గులో నీళ్లు దిగాయన్నాడు. బ్యాటరీ పోతే సెల్ఫ్ ఎలా తిరుగుతుంది, ప్లగ్గు తడిస్తే న్యూట్రల్‌లో మాత్రం ఎలా ఆడుతుంది?

కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఇది చదువుతుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. క్లచ్ వదిలేటప్పుడు ఆగితే అది మన చేతి సంగతి. స్టాండ్ పైకే ఉండి, క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచినా, కాలితో గేరు వేసిన ఆ క్షణంలోనే ఆగిపోతుంటే మాత్రం అది మీ తప్పు కాదు, ముందు స్టాండ్ స్విచ్చినే అనుమానించండి. నా బండిలో స్టాండ్ పైకే ఉంది, కానీ మీటర్ మీద స్టాండ్ దిగి ఉన్నట్టు ఎర్ర గుర్తు వెలిగి ఆరుతోంది. అంటే స్విచ్ నుంచి తప్పు కబురు వెళ్తోంది, బండి దాన్ని నమ్మేస్తోంది.

నెట్టుకుంటూ వెళ్తే పక్క వీధిలో ఒక మెకానిక్ దొరికాడు, పెద్దాయన. టార్చ్ వేసి స్టాండ్ దగ్గర నుంచి వచ్చే సన్న వైరు పట్టుకుని పైకి వెళ్లి కనెక్టర్ ఊడదీశాడు. లోపల పిన్నులన్నీ పచ్చటి చిలుము. "సముద్రం పక్కనుంటన్నారేటమ్మా?" అని అడిగాడు, నేను చెప్పకముందే. "ఏటీ లేదు, ఈ రెండు వైర్లూ కలిపేస్తే మరి జన్మలో ఆగదు, డైరెక్ట్ చేసీమంటారా?"

వాన, చీకటి, ఇంట్లో అమ్మ ఫోన్ మీద ఫోన్. సరే అన్నాను. రెండు నిమిషాల్లో బండి ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు స్టాండ్ కటాఫ్ లేకుండా నడిపాను. బండి అదే, దారి అదే, టెన్షన్ మాత్రం వేరే. వైర్లు కలిపేస్తే బండి దృష్టిలో స్టాండ్ ఎప్పుడూ పైకే ఉన్నట్టు, ఇక దిగి ఉన్నా చెప్పదు. సిగ్నల్‌లో కదిలే ముందు ప్రతిసారీ కిందికి వంగి చూసుకోవడం, చూసుకున్నాక కూడా జోడుగుళ్లపాలెం మలుపు దగ్గర అనుమానంతో ఎడమ కాలితో తడుముకోవడం. డైరెక్ట్ చేయించుకుని హాయిగా తిరిగేవాళ్లు ఊరినిండా ఉన్నారు, అనుభవం ఉన్నవాళ్లకు అది చాలేమో. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ సలహా నేను ఇవ్వను.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఉప్పు వల్ల వచ్చిన తుప్పు వారంటీలోకి రాదన్నారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో బండి అమ్ముతూ, ఆ సముద్రం గాలికే పాడైతే మాకు సంబంధం లేదంటే నాకు ఒళ్లు మండింది, ఆ మాట అక్కడే చెప్పాను కూడా. చివరికి డబ్బులిచ్చే కొత్త స్విచ్ వేయించాను. పోయింది కొన్ని వందలే, కానీ పార్ట్ కోసం ఆగడం, రెండుసార్లు ఆఫీసుకు ఆలస్యం కావడం, అదీ లెక్కలోకి వస్తుంది కదా. కనెక్టర్‌లో గ్రీజు పెట్టమని నేనే అడిగి పెట్టించుకున్నాను. నీళ్లు చొరకుండా కనెక్టర్లలో వాడే రకం వేరే ఉంటుంది, చెయిన్‌కు పూసేది కాదు.

అప్పటి నుంచి వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు స్టాండ్ వైపు ప్రెషర్ గన్ పెట్టొద్దని దగ్గర నిలబడి చెబుతాను. బీచ్ రోడ్డు మీద వానలో తిరిగి వస్తే ఒక బకెట్ మంచినీళ్లు మెల్లగా పోసి గుడ్డతో తుడుస్తాను. కవర్ కప్పితే ఉప్పు తగలదనుకుంటారు చాలామంది, తడి బండి మీద కప్పితే తేమ లోపలే ఉండిపోయి ఇంకా పాడవుతుంది, ఆరాకే కప్పాలి. మళ్లీ ఆ గొడవ రాలేదు, రాదని మాత్రం చెప్పలేను. ఒక్క భయం ఇంకా ఉంది: నాకు అది ఆగి ఉన్న చోట జరిగింది, లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా ఆ స్విచ్ అలాగే తప్పు కబురు పంపితే? అందుకే మీటర్ మీద ఆ ఎర్ర గుర్తు ఒక్కసారి మిణుకుమన్నా ఆ రోజే చూపించేస్తాను.

మిగతావి క్లుప్తంగా. రెండు కాళ్లూ నేలకు ఆనడం నాకు పెద్ద ధైర్యం, ఎండాడ ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముఖ్యంగా. సీటు మెత్తగా ఉందని మొదట్లో అందరికీ చెప్పాను, భీమిలి వరకు బాగానే ఉంటుంది, అరకు ఘాట్ ఎక్కి దిగాక నడుము వేరే మాట చెప్పింది. 125 సీసీ వరకు ఉన్న బళ్లకు 2019లో సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. నా బండికి ఉన్నది సీబీఎస్, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, కొత్తలో అది చాలనిపించింది. ఇప్పుడు స్పీడు కొంచెం పెరిగాక, ఇసుక కొట్టుకొచ్చిన బీచ్ రోడ్డు మీద, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటే బాగుండేదనిపిస్తోంది, బడ్జెట్ ఉంటే అది చూసుకోండి.

కొనే ముందు షోరూమ్‌లో ఒక్క పని చేయండి. బండిని స్టాండ్ మీదే ఉంచి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, క్లచ్ పట్టి గేరు వేయండి, ఇంజిన్ ఆగాలి. కొన్నిటిలో లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది తప్ప ఇంజిన్ ఆగదు. అలాగే ఆ స్విచ్ వైరు ఎక్కడ కలుస్తుందో, దాని మీద రబ్బరు తొడుగు ఉందో లేదో ఫోన్ లైటు వేసి చూడండి. సేల్స్ అబ్బాయి వింతగా చూసినా పట్టించుకోవద్దు.

నన్ను మళ్లీ కొనమంటే ఇదే కొంటాను, నా ఎత్తుకు, నా దారికి, నాకున్న భయాలకు ఇది సరిపోయింది. పెందుర్తి, కొత్తవలస వైపు ఉండేవాళ్లకు ఈ ఉప్పు బాధ నాకున్నంత ఉండకపోవచ్చు, వాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. మాలాగా సముద్రం పక్కనే, సెల్లార్ లేని ఇంట్లో ఉండి, రోజూ ఎవరు తుడుస్తారులే అనుకునేవాళ్లయితే ఇంకొంచెం ఆలోచించుకోండి. ఆరేళ్లుగా గేరు బండి నడుపుతున్న మా అన్నయ్య మాత్రం ఇదంతా అనవసరం, వైర్లు కలిపేయమనే అంటున్నాడు.