మైకోసిస్ ఫంగాయిడిస్ తొలిదశలో: నారోబ్యాండ్ యూవీబీనా, పూవానా?

మైకోసిస్ ఫంగాయిడిస్ చర్మంలో మొదలయ్యే అరుదైన లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. చామనఛాయ ఒంటిమీద చాలాసార్లు తెల్లమచ్చల్లా వస్తుంది. దాంతో బొల్లి అనో, కుష్ఠు అనో, తామర అనో ఏళ్లు గడిచిపోతాయి. ఒక్క బయాప్సీతో, అంటే చర్మం ముక్క తీసి చేసే పరీక్షతో, తేలకపోవచ్చు. డాక్టర్ మళ్లీ ముక్క తీయాలంటే దయచేసి విసుక్కోకండి. ముందు రెండు మూడు వారాలు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఆపమంటారు, లేకపోతే జబ్బు ఆనవాళ్లు మరుగున పడతాయి.

మచ్చల దశలోనే బయటపడితే ఎక్కువగా వినిపించేవి నారోబ్యాండ్ యూవీబీ, పూవా అనే రెండు లైట్ చికిత్సలే. నారోబ్యాండ్ యూవీబీలో 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వాడతారు. మాత్ర అక్కర్లేదు. కళ్లకు రక్షణ పెట్టుకుని క్యాబిన్‌లో నిలబడాలి, మొదట్లో కాసేపే. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి వెళ్లాలి. గర్భిణులకు, పిల్లలకు ఇదే నయం.

పూవాలో సోరాలెన్ మాత్ర (చర్మాన్ని కాంతికి సున్నితంగా మార్చే మందు) వేసుకున్న దాదాపు రెండు గంటలకు యూవీఏ అనే మరో రకం అతినీలలోహిత కాంతి ఇస్తారు. ఇది లోతుకు దిగుతుంది. అందుకే మందంగా ఉబ్బిన మచ్చలకు, వెంట్రుకల కుదుళ్లలోకి పాకిన జబ్బుకు పనికొస్తుంది. కానీ వికారం ఉంటుంది, ఆ రోజంతా ఎండ తగలకూడదు, నల్లకళ్లద్దాలు తీయకూడదు. ఏళ్ల తరబడి తీసుకుంటే వేరే చర్మ క్యాన్సర్ల ముప్పు కూడా పెరుగుతుంది.

పలచటి మచ్చలకు, ముఖ్యంగా తెల్లమచ్చలకు, యూవీబీతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. లొంగకపోతే పూవా ఎలాగూ ఉంది. గడ్డలు లేచినా, లింఫ్ గ్రంథులు వాచినా మాత్రం ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టర్‌ను) కలవాల్సిందే.