సులా దిండోరి రిజర్వ్ షిరాజ్: పెద్ద కంపెనీ రెడ్ వైన్‌లో నేల తెలుస్తుందా?

తెలుస్తుంది. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మా హనుమకొండలో వైన్ గురించి కాస్త తెలిసినవాళ్లు కూడా ‘అన్ని సీసాలు తీసే కంపెనీకి టెర్వార్ ఎక్కడిది’ అని కొట్టిపారేస్తున్నారు. టెర్వార్ అంటే నేల, ఎత్తు, ఎండ, వాన, రాత్రి చలి, ఇవన్నీ కలిసి ద్రాక్షకు ఇచ్చే గుణం. సులా మన దేశంలోనే అతిపెద్ద వైన్ కంపెనీ, అయినా షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసిన ఈ రెడ్ వైన్‌లో మహారాష్ట్రలోని నాసిక్ దిక్కు వాతావరణం నాకు స్పష్టంగా దొరికింది, దిండోరి ఉండేది అక్కడే.

గ్లాసులో పోయగానే ముందు పండిన నేరేడు లాంటి వాసన, వెనకే మిరియం. ఆ మిరియం ఊరికే అనిపించేది కాదు, షిరాజ్ తొక్కలో రొటుండోన్ అనే పదార్థం ఉంటుంది, నల్ల మిరియాల ఘాటుకూ అదే కారణమని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు, చల్లటి చోట పండిన కాయలో అది ఎక్కువగా నిలుస్తుంది. నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఏడాదికి రెండుసార్లు తీగ కత్తిరిస్తారు, వానలు తగ్గాక సెప్టెంబర్-అక్టోబర్‌లో రెండో కత్తిరింపు, జనవరి నుంచి మార్చి దాకా కోత. అంటే యూరప్‌లో ఎండాకాలం చివర కోసే పంట ఇక్కడ చలికాలంలో పక్వానికి వస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి. అందుకే ఇంత పండిన రుచిలో కూడా నాలుక పక్కల పులుపు నిలబడింది, వగరు గొంతులో గుచ్చుకోలేదు. వైన్‌కు పట్టిన ఓక్ చెక్క వాసన ఇంకాస్త తగ్గితే ఇదంతా ఇంకా బాగా తెలిసేది.

పక్కనే చిలీ నుంచి వచ్చే ఒక పెద్ద బ్రాండ్ కెబర్నే సావిన్యో (ఇది ఇంకో రకం నల్ల ద్రాక్ష రెడ్ వైన్) కూడా పెట్టుకున్నా. శుభ్రంగా ఉంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు, కానీ ఎక్కడిదో చెప్పమంటే చెప్పలేను. లేబుల్ మీద సెంట్రల్ వ్యాలీ అని ఉంది. అది మైపో, రపెల్, కురికో, మౌలే లోయలన్నీ కలిపిన పేరు, వందల కిలోమీటర్ల పొడవు. మన చపాటా మిర్చికి ఈ నేలను చూసే 2025లో జీఐ (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఇచ్చారు, దాన్ని పది జిల్లాల కాయతో కలిపి పట్టిస్తే కారం ఎర్రగానే ఉంటుంది గానీ అందులో వరంగల్ ఎక్కడుంటుంది?

కాబట్టి నా లెక్కలో సీసాల సంఖ్యను తప్పు పట్టొద్దు. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర మెడాక్‌లో పేరున్న పెద్ద షాతోలు (సొంత తోటలున్న వైన్ ఎస్టేట్‌లు) ఏటా లక్షకు పైగా సీసాలు తీస్తాయి, అయినా ఆ గులకరాళ్ల నేల గుణం పోదు, ఎందుకంటే కాయంతా వాళ్ల సొంత తోటల నుంచే వస్తుంది. ఇటు ఆస్ట్రేలియాలో పెన్‌ఫోల్డ్స్ కంపెనీ తన గ్రేంజ్ అనే రెడ్ వైన్‌ను 1951 నుంచీ చాలావరకు వేర్వేరు ప్రాంతాల కాయ కలిపే చేస్తోంది, అది గొప్ప వైన్, కానీ దాన్ని ఒక ఊరి వైన్ అనలేం. దూరదూరాల కాయ కలపడం, నీళ్లు బాగా పెట్టి దిగుబడి పెంచడం, ఓక్ ముక్కలు వేసి ఏటా ఒకటే రుచి తేవడం, వీటితోనే నేల మాయమవుతుంది. తోట చిన్నదైనా ఇవి చేస్తే ఫలితం అదే.

కొనేవాళ్లకు ఒక మాట. మా దిక్కు షాపుల్లో బీరు, విస్కీలదే జాగా అంతా, రెడ్ వైన్ ఒక మూలన ఉంటుంది. నేను అడిగిన ఒక షాపులో సీసాలు అద్దాల పక్కన ఎండ తగిలేలా నిలబెట్టారు, అక్కడ తీసుకోలేదు. వరంగల్ ఎండలో అలా నెలలు ఉన్న వైన్ ఉడికిన పండ్ల రుచికి వస్తుంది, అది తాగి కంపెనీని తిట్టడం న్యాయం కాదు. ఇంటికి తెచ్చాక కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, 16-18 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మటన్ వేపుడుతో మస్తు కుదిరింది, కానీ కారం తగ్గించి చేయించా, కారం ఎక్కువైతే వగరు, ఆల్కహాల్ మంట రెండూ పెరుగుతాయి.

మళ్లీ కొంటా. కంపెనీవాళ్లు మాత్రం ఏ తోట కాయ, ఎంత ఎత్తు, ఏ నెలలో కోశారు అన్నవి వెనక లేబుల్ మీద వేయాలి, ఈ వైన్‌కు ఆ వివరాలు చెప్పుకునే అర్హత ఉంది.