ఏపీ నంబరు ప్లేటు వేగనార్‌తో పదిహేనేళ్లు

అక్టోబరులో మా మారుతి వేగనార్‌కు పదిహేనేళ్లు నిండాయి. ఆర్‌సీ గడువు అయిపోయింది, ఇంట్లో పంచాయితీ మొదలైంది. అమ్మేద్దామని మా అబ్బాయి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి చిన్న ఎస్‌యూవీ ఏదైనా చూద్దామని మా ఆవిడ. ఎనభై ఒక్క ఏళ్ల మా అమ్మ మాత్రం మంచం మీద నుంచే తేల్చేసింది: "కొత్తది కొనుక్కుంటె కొనుక్కోండ్రి, నేనొద్దన్ననా? దవాఖానకు నన్ను మాత్రం గిండ్లనే తీస్కపోవాలె."

అమ్మకు బండి మీద సెంటిమెంటేమీ లేదు. ఆమెకున్నవి మోకాళ్ల నొప్పులు. ఎదురింటివాళ్ల సెడాన్‌లో కూర్చోవాలంటే బావిలోకి దిగినట్టుంటుందట. మా బావమరిది పెద్ద బండి ఎక్కాలంటే అటక ఎక్కినట్టే, కింద పీట వేయాలి. వేగనార్ దగ్గరికొస్తే ఎవరి చెయ్యీ అందుకోదు. తలుపు తీసి, వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి తిప్పుకుంటుంది. కొంగు సర్దుకుని "పోనియ్" అంటుంది. షోరూంలో మైలేజీ చెప్పారు, రంగులు చూపించారు, ఈ సీటు ఎత్తు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అప్పటికి అమ్మ మోకాళ్లు బాగానే ఉన్నాయి.

2010 దసరాకు తీసుకున్నాం, వీఎక్స్ఐ. కే సిరీస్ ఇంజిన్‌తో కొత్త వేగనార్ వచ్చింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. 998 సీసీ, మూడు సిలిండర్లు, 68 హార్స్‌పవర్. ఇప్పటికి 1,83,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదు, ఆయిల్ తాగట్లేదు. ఇందులో టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది కాబట్టి ఇన్ని కిలోమీటర్లకోసారి బెల్టు మార్చాలన్న ఖర్చు కూడా తగల్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మూడు సిలిండర్ల వణుకు కొంచెం స్టీరింగ్‌లో తెలుస్తుంది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు మార్చాక తగ్గింది.

మైలేజీ హైదరాబాద్ సిటీలో లీటరుకు 13, 14. ఏసీ వేసుకుని హైవే మీద 80 దాటకుండా పోతే 18. నేను సరూర్‌నగర్ నుంచి నాంపల్లి ఆఫీసుకు రోజూ దీంట్లోనే పోయేవాణ్ని. మెట్రో పనులప్పుడు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట రోడ్డు ఎలా ఉండేదో ఆ దారిన తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్ లైను 2018 సెప్టెంబరులో మొదలయ్యేదాకా మూడో గేరు పడితే పండగే. అలా హాఫ్ క్లచ్ మీద నడిపీ నడిపీ 62,000 దగ్గరే మొదటి క్లచ్ సెట్టు కాల్చేశాను. తప్పు నాదే. ఆ తర్వాత కాలు దగ్గర పెట్టుకున్నాను, రెండో సెట్టు 1,41,000 దాకా వచ్చింది.

మోయడం సంగతి చెప్పాలి. మా ఊరు సూర్యాపేట దాటాక. కోతలయ్యాక వెనక సీటు మడిచి పాతిక కేజీల బియ్యం సంచులు ఎనిమిది వేసుకొచ్చేవాళ్లం. వేసవిలో ఆవకాయ కాయలు, ఒకసారి పుట్ట తేనె, ఒకసారి అమ్మ మాట కాదనలేక రుబ్బురోలు. రోలు వేసిన రోజు వెనక భాగం ఎంత కిందికి కుంగిందంటే ప్రతి స్పీడు బ్రేకరుకూ ఊపిరి బిగబట్టాను. ఎత్తు బండి కావడం వల్ల చీపురుకట్టలు, నిచ్చెన, మా చెల్లి కూతురి పెళ్లికి అరటి చెట్లు కూడా పట్టాయి. ఎడమ పక్క ముందు సీటు కింద ఒక ట్రే ఉంటుంది. కంపెనీవాళ్లు ఎందుకు పెట్టారో గానీ మా ఇంట్లో అది అమ్మ సొంత అర. జండూబామ్, ప్రిస్క్రిప్షన్లు, వక్కల డబ్బా, చిల్లర. అందులో ఇంకెవరైనా చెయ్యి పెడితే ఇంటికెళ్లాక విచారణ ఉంటుంది.

బండి మీద నాకు మనసు కుదిరింది మాత్రం 2020లో. అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన గుర్తుందిగా. తెల్లారేసరికి మా గల్లీలో నడుము లోతు నీళ్లు, బండిలో సీట్ల దాకా. స్టార్ట్ అవుతుందేమో చూద్దామని తాళం చెవి తీసుకుని దిగబోతే మా మలక్‌పేట మెకానిక్ ఫోన్‌లో అరిచాడు: "సెల్ఫ్ కొట్టొద్దు సార్! కొట్టారంటే ఇంజిన్ ఖతం." సిలిండర్లలోకి నీళ్లు పోయి ఉంటే, గాలిలాగా అవి ఒత్తిడికి కుంచించుకోవు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మామూలు బీమాలో ఆ నష్టానికి చాలాసార్లు డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి. నేను తీసుకోలేదు. మూడో రోజు నీళ్లు దిగాక తాడు కట్టి షెడ్డుకు లాగించాం. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిళ్లన్నీ పారబోసి, కార్పెట్లు, సీట్లు విప్పి మా డాబా మీద ఆరబెట్టాం. పక్కన అమ్మ వడియాలు పెట్టింది. వారం తర్వాత సెల్ఫ్ కొడితే మొదటిసారికే అందుకుంది. వాసన మాత్రం ఉగాది దాకా పోలేదు.

ఇక చిన్న చిన్న ఖర్చులు. టైర్లు నాలుగు సెట్లు, బ్యాటరీలు నాలుగు, లోయర్ ఆర్మ్ బుష్షులు మన రోడ్ల పుణ్యాన లెక్కే లేదు. ఏసీ కూలింగ్ కాయిల్ ఒకసారి. ఎలుకలు వైరింగు కొరికింది రెండుసార్లు, బానెట్ కింద పొగాకు పొట్లాలు పెట్టినా లాభం లేదు. ఇంటి దగ్గర కోళ్లమేత అమ్మే కొట్టు ఉన్నంతకాలం ఇంతే. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ ఒకటిన్నర దాకా తగ్గినట్టు నాకనిపిస్తోంది. ఇది ఆ పెట్రోలు కోసం చేసిన బండి కాదు కాబట్టి మెకానిక్ చెప్తే ముందుజాగ్రత్తగా ఇంధనం గొట్టాలు మార్పించాను.

ఇది అందరికీ సరిపోతుందని అనను. మాది ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేని బండి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి అయింది 2019లో. అందుకే అవుటర్ రింగ్ రోడ్డు మీద మావాడికి స్టీరింగ్ ఇవ్వను. ఎత్తు బండి, గాలి పక్కనుంచి కొడితే ఊగుతుంది. నూటికి తీసుకెళ్లాలన్న సరదా ఉన్నవాళ్లు వేరేది చూసుకోవాలి.

చివరికి రెన్యువల్‌కే వెళ్లాను. 2022 ఏప్రిల్ దాకా 600 ఉన్న ఫీజు ఆ తర్వాత 5,000 అయింది. గ్రీన్ టాక్సు వేరే. పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని, బండి కడిగి, పొద్దున్నే లైన్లో నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు చూశాడు, లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు. ప్లేటు చూసి "ఇంకా ఏపీయేనా?" అన్నాడు. ఈ బండి వచ్చాక రాష్ట్రం మారింది, టీఎస్ వచ్చింది, అదీ పోయి టీజీ వచ్చింది. మాది మాత్రం పాత ఇంటిపేరుతోనే ఉంది. ఐదేళ్లకు రాసిచ్చారు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఏమీ అనలేదు, వెనక షాకప్స్ ఎప్పుడు మారుస్తావని అడిగింది. నెలాఖరులోగా మార్చాలి. సంక్రాంతికి ఊరు పోతే వచ్చేటప్పుడు బియ్యం ఉంటాయి. ఈసారి రోకలి కూడా తెచ్చుకుందామంటోంది అమ్మ.