ఉబుంటులో వేలిముద్ర రీడర్: రెండేళ్ల వాడకం తర్వాత

ఉబుంటు లినక్స్‌లో స్క్రీన్ లాక్ తీయడానికీ, సూడోకీ (అడ్మిన్ హక్కులతో పని చేయించే కమాండ్) వేలిముద్ర హాయిగా ఉంది. మెషీన్ ఆన్ చేశాక మొదటి లాగిన్‌కి మాత్రం పాస్‌వర్డే కొట్టండి. వేలితో లోపలికి వెళ్తే కీరింగ్, అంటే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె, తెరుచుకోదు. దాని తాళం మీ పాస్‌వర్డే కదా, వేలిముద్రలోంచి అది రాదు. అందుకే క్రోమ్ లాంటి బ్రౌజర్ తెరవగానే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది బగ్ కాదు.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు టెర్మినల్లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొట్టి సెన్సర్ ఐడీ చూడండి. 06సీబీతో మొదలైతే సినాప్టిక్స్, 27సీ6 అయితే గూడిక్స్, 04ఎఫ్3 అయితే ఎలాన్. కంపెనీ పేరు చూసి సరిపెట్టుకోవద్దు, కోలన్ తర్వాతి నాలుగు అక్షరాలు కూడా లిబ్‌ఎఫ్‌ప్రింట్ (libfprint, లినక్స్‌లో వేలిముద్ర రీడర్లని నడిపే సాఫ్ట్‌వేర్) జాబితాలో ఉండాలి. ఒకే కంపెనీ సెన్సర్లలో ఒకటి పనిచేస్తుంది, ఇంకొకటి చేయదు.

మీ సెన్సర్ ఆ జాబితాలో ఉంటే ఎఫ్‌ప్రింట్‌డీ (fprintd), లిబ్‌పామ్-ఎఫ్‌ప్రింట్‌డీ (libpam-fprintd) ప్యాకేజీలు చాలు. ఎఫ్‌ప్రింట్‌డీ-ఎన్‌రోల్‌తో వేలు నమోదు చేసి, ఎఫ్‌ప్రింట్‌డీ-వెరిఫైతో సరిచూసుకుని, ఆ తర్వాతే సూడో పామ్-ఆథ్-అప్‌డేట్‌లో (sudo pam-auth-update, లాగిన్ పద్ధతులు ఎంచుకునే కమాండ్) ఫింగర్‌ప్రింట్ దగ్గర స్పేస్‌బార్‌తో టిక్ పెట్టండి.

విశాఖలో అసలు ఇబ్బంది చెమట. కెపాసిటివ్ సెన్సర్ వేలి గీతకీ, గీతల మధ్య పల్లానికీ ఉన్న తేడాను కొలుస్తుంది. మే నెల ఉక్కపోతలో ఆ పల్లాలు చెమటతో నిండిపోతాయి, సెన్సర్‌కి అంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. వేలినీ, సెన్సర్‌నీ పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలాసార్లు అక్కడికక్కడే పట్టేస్తుంది. నమోదప్పుడు ఒకే చోట నొక్కకుండా మధ్య, కుడి అంచు, ఎడమ అంచు, కొన ఇలా కాస్త కాస్త జరుపుతూ పెట్టండి. కుడి చూపుడు వేలితో పాటు ఎడమ బొటనవేలు కూడా ఎక్కించండి. గిన్నెలు తోమి వచ్చిన చెయ్యి నానిపోయి ఉంటే ఏ వేలూ పట్టదు, కాసేపు ఆరనివ్వాలి.

విండోస్ కూడా ఉన్న మెషీన్లో నమోదు మధ్యలో 'ఎన్‌రోల్-డూప్లికేట్' అని ఆగిపోవచ్చు. కొన్ని సెన్సర్లు ముద్రలను తమ లోపలే దాచుకుంటాయి, విండోస్‌లో ఎక్కించిన పాతవి అక్కడే ఉండిపోతాయి. బయాస్‌లో (BIOS, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) వేలిముద్రలు రీసెట్ చేసే ఆప్షన్ ఉంటే దాంతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి.

బయటి కీబోర్డు పెట్టుకుని ల్యాప్‌టాప్‌ని పక్కకి నెట్టేసి పనిచేసేవాళ్లకి ఇంకో మాట. సూడో కొట్టగానే వేలు పెట్టమని అడిగి, పెట్టకపోతే పది సెకన్లు ఆగి అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. హ్యాంగ్ అయిందనుకుని టెర్మినల్ మూసేయొద్దు. ఆ ఆలస్యం రోజూ విసిగిస్తుంటే పామ్-ఆథ్-అప్‌డేట్‌లో ఆ టిక్ తీసేయండి.