లిట్‌మన్ క్లాసిక్ 3 స్టెతస్కోప్: వార్డులో అడుగుపెట్టే ఎంబీబీఎస్ విద్యార్థికి సరిపోతుందా?

సరిపోతుంది. ఉస్మానియాలోనో గాంధీలోనో క్లినికల్ పోస్టింగులు మొదలవుతుంటే ధైర్యంగా కొనుక్కోవచ్చు. కాకపోతే దీన్ని ఆనించే తీరు తెలియకపోతే, వినాల్సిన చప్పుడే వినపడకుండా పోతుంది. ఆ పొరపాటుకు ఈ మోడల్‌లో చాలా ఆస్కారం ఉంది.

పాత పద్ధతి స్టెత్‌కు ఒకవైపు డయాఫ్రం (బిగుతైన పలుచటి పొర), ఇంకోవైపు బెల్ (పొర లేని చిన్న గిన్నె) ఉంటాయి. దీనికి రెండువైపులా డయాఫ్రమే, పెద్దది పెద్దవాళ్లకు, చిన్నది పిల్లలకు. తేలిగ్గా ఆనిస్తే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు, గట్టిగా నొక్కితే ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు వస్తాయి. కొత్తవాళ్లు సరిగ్గా వినపడాలని బలంగా అదిమిపెడతారు. అక్కడే మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమవైపు మైట్రల్ వాల్వ్ ఇరుకు కావడం) మర్మర్, అంటే రక్తం సుడి తిరిగే చప్పుడు, జారిపోతుంది. అది లోగొంతుకలో ఉరిమినట్టుండే మిడ్ డయస్టాలిక్ (గుండె సడలే దశ నడుమ వచ్చే) శబ్దం. పేషెంటును ఎడమవైపు ఒత్తిగిలించి, అపెక్స్ బీట్‌ను (ఛాతీ మీద గుండె కొస కొట్టుకునే చోటును) వేలితో పట్టుకుని, సరిగ్గా దాని మీదే చెస్ట్‌పీస్‌ను బరువు వేయకుండా ఆనించి, ఊపిరి వదలమని చెప్పి వినాలి. కాస్త పక్కకు జరిగినా వినపడకపోవచ్చు. రెండో చేతి వేళ్లు మెడ దగ్గర కరోటిడ్ నాడి మీద ఉండాలి. మణికట్టు దగ్గరి రేడియల్ నాడి ఆలస్యంగా తగులుతుంది, దాన్ని నమ్ముకుంటే సిస్టోల్ (గుండె ముడుచుకునే దశ) ఏదో డయస్టోల్ (సడలే దశ) ఏదో తారుమారవుతుంది.

అయోర్టిక్ రిగర్జిటేషన్‌కు (అయోర్టిక్ వాల్వ్ సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారడానికి) ఆనించే తీరు దీనికి ఎదురు. కూర్చోబెట్టి ముందుకు వంగమనాలి, ఊపిరి పూర్తిగా వదిలి బిగబట్టమనాలి, స్టెర్నమ్ (రొమ్ము ఎముక) ఎడమ అంచున పక్కటెముకల మూడో సందులో చర్మం మీద గుండ్రటి అచ్చు పడేంత గట్టిగా నొక్కాలి.

చిన్న డయాఫ్రం తీసేసి నాన్‌చిల్ రబ్బరు రింగు తొడిగితే అటువైపు అసలైన బెల్ అవుతుంది. పిల్లల వార్డు పోస్టింగు వచ్చేదాకా అలాగే వాడుకోవడం మేలు.

ఇంతకీ మైట్రల్ మర్మర్‌ను వెతకాలన్న అనుమానం హిస్టరీలోంచి (పేషెంటు చెప్పే సంగతుల్లోంచి) రావాలి. ఇక్కడి వార్డుల్లో పేషెంటు ఆయాసం అని కూడా అనకపోవచ్చు, "దమ్మొస్తుంది సార్" అంటుంది. కేస్ షీటులో వెంటనే డిస్‌ప్నియా అని రాసేసి ముందుకు పోవద్దు. "ఎంత దూరం నడిస్తే వస్తుందమ్మా? ఇంట్లో పని చేసుకుంటున్నారా? వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు? రాత్రి నిద్రలో దమ్మొచ్చి లేచి కూర్చుంటున్నారా?" ఒక్కో ప్రశ్న వేశాక జవాబు పూర్తయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాత చిన్నప్పటి సంగతి: మోకాలు వాచి తగ్గి, చీలమండకో మోచేతికో పాకిందా? రుమాటిక్ ఫీవర్ (గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చి కీళ్లను, గుండె వాల్వ్‌లను దెబ్బతీసే జబ్బు) అన్న పేరు గుర్తుండకపోయినా, 21 రోజులకోసారి వేయించుకున్న సూది చాలామందికి గుర్తుంటుంది. అది పెన్సిలిన్. వయసులో ఉన్న ఆడమనిషికి కడుపుతో ఉన్నప్పుడే మొదటిసారి దమ్ము పట్టుకుందంటే, స్టెత్ తీయకముందే మైట్రల్ వాల్వ్ మీదికి ఆలోచన పోవాలి. "గ్యాస్" అన్న మాటను కూడా అలా వదిలేయకూడదు, అది గుండె నొప్పి కావచ్చు. నడిస్తే వస్తుందా, ఆగితే తగ్గుతుందా, చెమట పట్టిందా, చేతికో దవడకో పాకిందా అని అడగాలి.

నాడి తప్పుతూ ఉంటే స్టెత్‌తో అపెక్స్ దగ్గర ఒకరు, మణికట్టు దగ్గర ఇంకొకరు ఒకే నిమిషం పాటు లెక్కపెట్టాలి. రెండింటికీ తేడా 10 దాటితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడాన్ని) అనుమానించాలి.

ఊపిరితిత్తులకు ఈ స్టెత్ బాగా పనిచేస్తుంది. చొక్కా మీద నుంచి మాత్రం వినొద్దు, బట్ట రాపిడి అచ్చం క్రెపిటేషన్లలాగే (ఊపిరితిత్తుల్లోని చిటపటల్లాగే) ఉంటుంది. ఛాతీ వెంట్రుకలదీ అదే ఇబ్బంది, కాస్త తడిపితే పోతుంది. కింది భాగాల్లో చిటపటలు వినపడితే గట్టిగా దగ్గమని మళ్లీ వినండి, పోతే అవి కఫానివి. రద్దీ వార్డులో తిరిగే ఫ్యాన్ హోరును క్లాసిక్ 3 పూర్తిగా ఆపలేదు. ఇయర్‌టిప్స్ ముక్కువైపు తిరిగి ఉండేలా పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఏమీ వినపడకపోతే డయాఫ్రం మీద వేలితో మెల్లగా తట్టండి. చప్పుడు రాకపోతే చెస్ట్‌పీస్ రెండోవైపు తెరుచుకుని ఉంది, తిప్పండి.

ఇదే కంపెనీ కార్డియాలజీ 4 మోడల్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది కానీ బరువూ ధరా ఎక్కువే. మూడో ఏడాదిలో ఆ డబ్బు పెట్టక్కర్లేదు. మిగిలినదాంతో 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, పొడవు పిడి ఉన్న నీ హ్యామర్ కొనుక్కోండి. చిన్న త్రికోణం హ్యామర్‌తో యాంకిల్ జెర్క్ (మడమ నరం మీద కొడితే పాదం కదిలే రిఫ్లెక్స్) రాబట్టడం కష్టం.

ట్యూబును మెడ చర్మానికి తగలనివ్వకుండా కాలర్ మీద వేసుకోండి, చెమట, జిడ్డు దాన్ని గట్టిపరుస్తాయి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయొద్దు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, నీళ్లలో ముంచకూడదు. కోఠి సర్జికల్ షాపుల్లో కొనేటప్పుడు చెక్కిన సీరియల్ నంబరును అక్కడే కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూడండి. ఈ పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. తారీఖు వేసిన బిల్లు తీసుకోండి, 5 ఏళ్ల వారంటీకి అదే ఆధారం.