ఇంటి పింఛనా, వృద్ధాశ్రమమా?

ఆశ్రమంలో వేళకు అన్నం, మందులు, రాత్రి తోడు ఉంటాయి. కాదనలేం. కానీ నిద్ర, భోజనం, చీర ఆరేసుకునే చోటు కూడా వాళ్ల రూలే. "మామ్మా, పడుకో" అంటే దుప్పటి కప్పుకుని మేలుకునే ఉండడం, పట్టుబట్టి సొంత గిన్నెలోనే తినడం అక్కడి తిరుగుబాట్లు.

ఇంట్లో ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గుమ్మం దగ్గరికే తెస్తాడు. చిక్కల్లా వేలిముద్రతోనే. పలాసలో ఏళ్లతరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులకు జీడి అంటి గీతలు అరిగిపోతాయి, మిషన్ ఒప్పుకోదు. "ఊరంతా నన్నెరుగును బాబూ, నీ మిషనే ఎరగదు" అని దబాయించే మామ్మలున్నారు. అయినా ఆ డబ్బులోంచి మనవడికి వంద ఇచ్చే పెత్తనం ఆవిడదే. నడవగలిగినన్నాళ్లు నా ఓటు ఇంటికే. మంచాన పడి, చూసేవాళ్లు లేకపోతే మాత్రం ఆశ్రమమే నయం.